తోక ఉన్న సి

బ్రగాన్సా నుంచి ఎనభై కిలోమీటర్లు.
వ్యాను వెనక అట్టపెట్టెలో కొత్త ప్రింటర్,
నా జేబులో మా ఆఫీసు కాగితం:
"ఇది పెట్టి రావాలి,
పాత కంప్యూటర్ పట్టుకు రావాలి."

పోర్చుగల్‌కి ఈశాన్యపు మూల,
స్పెయిన్ గాలి నేరుగా చెవుల్లో దూరే ఊరు.
గాడిదల సంఘం ఆఫీసంటే ఒక గది,
ఒక ఇనప పొయ్యి, ఒక అడొజిండా.

బల్ల కింద రొప్పుతోంది పాతది.
ఎక్స్‌పీ. ఇరవై దాటింది వయసు.
దాని కడుపులో అంతకన్నా ముసలి ప్రోగ్రాం,
నల్ల తెర, పచ్చ అక్షరాలు,
అబీలియో మేష్టారు రాసింది.
మేష్టారు పోయి పదకొండేళ్ళు.
ఏ గాడిద ఏ తల్లికి పుట్టిందో
ఏడు తరాల లెక్క అందులోనే.

"తీసుకుపోతావా?" అంది అడొజిండా,
పొయ్యిలో కట్టె సర్దుతూ, నా వైపు చూడకుండా.
ముందు కలిపి చూద్దాం అన్నాను.
ఎందుకలా అన్నానో తెలీదు.

బెంచీ మీద సిల్వేరియో,
టోపీ తీసి మోకాలికి తగిలించుకుని.
మొన్న రాత్రి ఆయన కొట్టంలో ఆడపిల్ల పుట్టింది,
నాలుగు కాళ్ళది, ఒళ్ళంతా బొచ్చు.
పుట్టిన కాగితం కావాలి.
పేరు ఫుమాసా. అంటే పొగ.

కేబుల్ గుచ్చాను.
ప్రింటర్‌కి నంబరిచ్చాను, చివర నలభై,
కొత్త ఇంటికి డోర్ నంబరు వేసినట్టు.
పాతది పిలిచింది. కొత్తది పలికింది.
నాలుగు పిలుపులకీ నాలుగు జవాబులు.
వినపడితే సరా, అర్థం కావద్దూ?
సీడీలోని డ్రైవర్ మొహం తిప్పేసుకుంది,
మీది మరీ పాతదంటూ.

జాబితాలో అట్టడుగుకి దిగాను,
తయారవడం మానేసిన ప్రింటర్ల పేర్ల మధ్యకి.
నేను పలక పట్టుకున్న రోజుల నాటి మోడల్ ఒకటి ఎంచి
ఇదే అనుకో అని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పాను.
కొత్తది కాదనలేదు.
ఆ నున్నటి తెల్ల డొక్క కింద
దానికీ పాత భాష వచ్చు,
అడిగినవాళ్ళు లేక ఊరుకుంది.
అడొజిండా నాతో మాట్లాడేది పోర్చుగీసు.
ఫోనులో అక్కతో మాత్రం మిరాండీసు.
అప్పుడు గొంతే వేరు,
తడిసిన కోటు విప్పి కొక్కేనికి వేసినట్టు.

మేష్టారి ప్రోగ్రాం ఇంకా మొండిది.
నెట్‌వర్క్ అన్న మాటే వినలేదు.
వెనకున్న వెడల్పాటి రంధ్రం, ఎల్‌పీటీ వన్,
దానికి తెలిసిన గుమ్మం అదొక్కటే.
ఆ గుమ్మంలో వైరు లేక ఎన్నాళ్ళయిందో.
నల్ల తెర మీద ఒక్క వరస కొట్టాను:
ఈ గుమ్మానికొచ్చే ఉత్తరాలన్నీ
ఇకమీదట ఆ నలభై నంబరుకి.

ప్రింటర్ మూలిగింది. కాగితం కక్కింది.
సిల్వేరియో కళ్ళజోడు పెట్టుకుని
పేరు దగ్గర ఆగిపోయాడు.
తోక ఉన్న సి రావలసిన చోట
ఖాళీ.
"తోక బాలేదంటే సరే,
గాడిదనే మింగేసిందే మీ యంత్రం!"

ప్రింటర్ నుదుటి మీది బుల్లి అద్దంలో
మెనూ లోపల మెనూ, దాని లోపల ఇంకోటి.
అక్షరాల పట్టీ, ఎనిమిది వందల యాభై.
అడొజిండా ఊపిరి బిగబట్టడం
నా భుజం పక్కనే వినిపించింది.

ఈసారి తోకతో సహా వచ్చింది ఫుమాసా,
తల్లి, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి,
ఇంకా వెచ్చగా.
సిల్వేరియో దాన్ని మడవలేదు.
చొక్కాకీ కోటుకీ మధ్య పరుచుకుని
బొత్తాలు పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో ఫోను.
"పాతది తెస్తున్నావుగా?"
వ్యానులో చోటు లేదన్నాను.
వెనక ఒక్క చెస్ట్‌నట్ కాయల సంచీ,
మలుపు మలుపుకీ
ఈ చివర నుంచి ఆ చివరకి దొర్లుతోంది.